ఒకేలా పగిలే స్వరం

ఫజ్ ఫేస్ పెడల్ అడుగు పలక విప్పి చూసినవాళ్లకు మొదట అనుమానం వస్తుంది, లోపల ఇంకేదో ఉండాలి కదా అని. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, చేత్తో తిప్పే కంట్రోళ్లు రెండు. మొత్తం 11 భాగాలు. వీటికి తోడు 9 వోల్టుల బ్యాటరీ, కాలితో నొక్కే స్విచ్చి, గిటార్ నుంచి వచ్చే వైరుకూ యాంప్లిఫయర్‌కు వెళ్లే వైరుకూ చెరొక జాక్. లండన్‌లో ఐవర్ ఆర్బిటర్ సంస్థ 1966లో దీన్ని అమ్మకానికి పెట్టింది. మైక్ స్టాండు అడుగున ఉండే గుండ్రటి దిమ్మను చూసి పెట్టెకు ఆ ఆకారం ఇచ్చారని చెబుతారు. జిమి హెండ్రిక్స్ కాలి కింద ఉన్న పెట్టె ఇదే.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటి భాగాల్లో చాలావాటిని ఒక్క పూటలో కొనుక్కోవచ్చు. సర్క్యూట్ బొమ్మ కూడా రహస్యమేమీ కాదు, దశాబ్దాలుగా అందరి చేతుల్లో తిరుగుతోంది. అయినా అప్పట్లో గిటారిస్టులు ఫజ్ ఫేస్‌లను వరసగా పెట్టించుకుని, ఒక్కొక్కటీ వాయించి చూసి ఏరుకునేవారు. కంపెనీ ఒకటే, బొమ్మ ఒకటే, రంగు ఒకటే. ఒకటి పాడేది, పక్కనున్నది గురగురలాడి ఊరుకునేది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా అదుపులో పెట్టాలో తెలిస్తే ఎఫెక్ట్స్ పెడల్స్ తయారు చేసి అమ్మే చిన్న వ్యాపారంలోని అసలు కష్టం తెలిసినట్టే. ఇక్కడ అమ్మే సరుకు ఒక లోపం. ఇంజనీర్లు ఏళ్ల తరబడి వదిలించుకోవాలని చూసిన లోపం. దాన్ని మొదటి పెట్టెలో ఎలా పుట్టించారో వెయ్యో పెట్టెలోనూ అలాగే పుట్టించాలి.

ముందు ఆ లోపం సంగతి చూద్దాం. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉక్కు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటాయి. దీన్ని పికప్ అంటారు. ఉక్కు తీగ కంపిస్తే దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఫారడే నియమం ప్రకారం రాగి చుట్టలో వోల్టేజి పుడుతుంది. చాలా చిన్న వోల్టేజి అది. మెల్లగా మీటితే పదుల మిల్లీవోల్టులు, గట్టిగా మీటితే ఒక వోల్టు దాకా. యాంప్లిఫయర్ దాన్ని పెంచి స్పీకరుకు ఇస్తుంది.

పెంచడానికి ఒక హద్దు ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ట్రాన్సిస్టర్ 9 వోల్టులకు మించి ఊగలేదు. అంతకన్నా పెద్ద అల రావాల్సిన చోట దాని శిఖరం హద్దు దగ్గరే తెగిపోతుంది. గుండ్రంగా లేచి గుండ్రంగా దిగాల్సిన అల పైనా కిందా బల్లపరుపు అవుతుంది. ఇదే క్లిప్పింగ్. తెగిన అలలో మొదట లేని పౌనఃపున్యాలు వచ్చి చేరతాయి. 440 హెర్ట్జ్ స్వరాన్ని పైనా కిందా సమానంగా తెగ్గోస్తే 1,320, 2,200, 3,080 ఇలా బేసి హార్మోనిక్స్ పుడతాయి. పైన ఒక మోతాదులో, కింద ఇంకో మోతాదులో తెగితే 880, 1,760 వంటి సరి హార్మోనిక్స్ కూడా తోడవుతాయి. రెండు స్వరాలు కలిపి వాయిస్తే ఇంకా ఆశ్చర్యం. 440, 660 హెర్ట్జ్ స్వరాలు కలిసి తెగినప్పుడు వాటి తేడా అయిన 220 కూడా వినిపిస్తుంది. అంటే వాయించని కింది స్థాయి స్వరం ఒకటి దానంతట అదే పలుకుతుంది. రాక్ గిటారిస్టులు షడ్జమం, పంచమం మాత్రమే పట్టి వాయించే పవర్ కార్డ్ అంత బరువుగా మోగడానికి కారణం ఇదే. అదే పెడల్ మీద గాంధారం కూడా కలిపి పట్టుకుంటే పుట్టే తేడా స్వరాలు ఒకదానితో ఒకటి పొసగక మోత కలగాపులగం అవుతుంది.

హార్మోనిక్స్ మీద మోజు రాక్ సంగీతంతో మొదలైంది కాదు. తంబూర బ్రిడ్జి మీద తీగ కింద నూలు పోగు జరిపి ‘జీవ’ తెప్పించేది ఎందుకు? తీగ బ్రిడ్జికి తగులుతూ విడుతూ ఉంటే పై స్థాయి హార్మోనిక్స్ వెలుగుతాయి కాబట్టి. సి.వి. రామన్ 1921లో వీణ, తంబూరల మీద రాసిన పరిశోధన పత్రంలో ఈ బ్రిడ్జి చేసే పనినే విశ్లేషించారు. మామూలు తీగ వాద్యాల సూత్రం ప్రకారం పలకకూడని హార్మోనిక్స్ మన వాద్యాల్లో పలుకుతున్నాయని చూపించారు. ఒక చోట నూలు పోగు, ఇంకో చోట ట్రాన్సిస్టర్. చెవి కోరుకునేది ఒకే రకమైన సంపద.

గిటార్‌లో ఆ సంపద అనుకోకుండా దొరికింది. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డవుతుండగా గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ వాయిస్తున్నారు. మిక్సింగ్ కన్సోల్‌లో ఆ చానల్ పాడై స్వరం బొంగురుగా చీలి వచ్చింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో పాట విడుదలై హిట్ అయ్యాక ఆ మోత మాకూ కావాలని వేరే సంగీతకారులు అడగడం మొదలుపెట్టారు. రికార్డింగ్ ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ పాడైన పరికరం చేసిన పనిని ట్రాన్సిస్టర్లతో చేయించి, రెవిస్ హాబ్స్‌తో కలిసి సర్క్యూట్ తయారు చేశారు. గిబ్సన్ కంపెనీ 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ ఎఫ్‌జడ్-1 పేరుతో దాన్ని బజారుకు తెచ్చింది. మూడు జర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీలు రెండు. పేటెంట్ 1965లో వచ్చింది.

గిబ్సన్ ఈ పెట్టెను అమ్మిన తీరు చూడాలి. దీన్ని తగిలిస్తే గిటార్ ట్రంపెట్‌లా, ట్యూబాలా, చెల్లోలా మోగుతుందని ప్రచారం చేసింది. దుకాణాలు మొదట్లో వేల సంఖ్యలో కొన్నాయి. కొన్నవి అరల్లోనే ఉండిపోయాయి. తర్వాతి రెండేళ్లు అమ్మకాలు దాదాపు లేవు. 1965లో రోలింగ్ స్టోన్స్ పాట ‘శాటిస్‌ఫాక్షన్’లో కీత్ రిచర్డ్స్ ఈ పెడల్‌తో వాయించిన వరుస ప్రపంచమంతా వినిపించింది. ఆయన కూడా దాన్ని తర్వాత బాకాలతో వాయించాల్సిన వరుసకు గుర్తుగా వేసుకున్నారు తప్ప, అదే చివరిదాకా ఉంటుందని అనుకోలేదు. ఆ తర్వాత అరల్లోని సరుకంతా అయిపోయింది. బాకా కావాల్సినవాళ్లు బాకానే కొనుక్కున్నారు. ఫజ్ పెట్టెను కొన్నవాళ్లకు ఫజ్ కావాలి. తన పెట్టె ఏ పనికి అని తయారీదారు అనుకున్నాడో, వాయించేవాళ్లు దాన్ని ఏ పనికి పెట్టారో, ఈ రెండూ వేరవడం ఈ రంగంలో పదేపదే జరిగింది.

న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ కథలోనూ అదే జరిగింది. ఐబీఎంలో అమ్మకాల ఉద్యోగం చేసిన ఆయన 1968లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ మొదలుపెట్టారు. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు బాబ్ మయర్‌ను ఆయన అడిగింది స్వరం పగలకుండా ఎక్కువసేపు సాగేలా చేసే పరికరం. గిటార్ ఇచ్చే సంకేతం ఆ పరికరానికి చాలకపోవడంతో మయర్ దాని ముందు ఒకే ట్రాన్సిస్టర్ ఉన్న చిన్న పెట్టెను తగిలించారు. మాథ్యూస్ ఆ చిన్న పెట్టెను ఆన్ చేసి చూస్తే యాంప్లిఫయర్ ఒక్కసారిగా గర్జించింది. అదే ఎల్‌పీబీ-1 అయింది, సంస్థకు తొలి సరుకు అయింది. కొద్ది కాలంలోనే నాలుగు ట్రాన్సిస్టర్ల బిగ్ మఫ్ వచ్చింది. అదే సంస్థ 1980ల్లో దివాలా తీసి, మళ్లీ లేచి, ఇప్పటికీ నడుస్తోంది. రోచెస్టర్‌లో కీత్ బార్, టెర్రీ షెర్వుడ్‌ల ఎంఎక్స్‌ఆర్ కూడా రిపేరు పనుల నుంచి పుట్టిందే. వాళ్ల దగ్గరికి బాగు చేయడానికి వచ్చే పరికరాల కట్టుబడి చూసి, ఇంతకన్నా గట్టిగా మేమే చేయగలమని అనుకున్నారు. రిపేరు బల్ల మీద కూర్చున్నవాళ్లకు తెలిసినంతగా డిజైన్ బల్ల మీద కూర్చున్నవాళ్లకు లోపాలు తెలియవన్నది నా నమ్మకం.

ఇప్పుడు ఫజ్ ఫేస్ తేడాల దగ్గరికి వద్దాం. ఆర్బిటర్ మొదట్లో వాడినవి జర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఎన్‌కేటీ275, ఏసీ128 రకాలు. సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్కను గెయిన్ అంటారు. ఒకే సంచిలోంచి తీసిన రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లలో ఒకదాని గెయిన్ ఇంకోదానికి రెట్టింపు ఉండటం మామూలే. ఇంకా పెద్ద చిక్కు లీకేజీ. ట్రాన్సిస్టర్‌ను మూసి ఉంచినా అందులోంచి కాస్త విద్యుత్తు కారుతూనే ఉంటుంది. సిలికాన్‌లో అది లెక్కలోకి రానంత తక్కువ. జర్మేనియంలో వందల మైక్రోయాంపియర్ల దాకా పోతుంది. పైగా వేడి 10 డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల గదిలో సరిచూసిన పెడల్‌ను మే నెలలో విజయవాడలో పగటి పూట వేదిక మీద పెట్టారనుకోండి, 45 డిగ్రీల దగ్గర ఆ కారే విద్యుత్తు నాలుగింతలు అవుతుంది.

అయితే ఏమవుతుంది? రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర వోల్టేజి బ్యాటరీలో సగం, అంటే 4.5 వోల్టుల చుట్టుపక్కల ఉంటే అల పైకీ కిందికీ ఊగడానికి చోటు ఉంటుంది. ఆ బిందువు లీకేజీ వల్ల ఒక చివరికి జారిపోతే అల ఒక పక్క మొత్తం కూరుకుపోతుంది. గట్టిగా మీటినప్పుడు ఏదో మోగుతుంది, స్వరం సన్నగిల్లే చోట చిటపటమని తెగిపోతుంది. దుకాణంలో గురగురలాడిన పెడల్ జబ్బు ఇదే. సర్క్యూట్ బొమ్మలో తప్పేమీ లేదు. ఆ బొమ్మ ట్రాన్సిస్టర్‌లన్నీ ఒకేలా ఉంటాయని అనుకుంది, అవి అలా లేవు.

నేటి చిన్న తయారీదారులు జర్మేనియం ఫజ్ చేయాలంటే ప్రతి ట్రాన్సిస్టర్‌నూ విడిగా కొలుస్తారు. మామూలు మీటరు చూపించే గెయిన్‌లో లీకేజీ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ముందు లీకేజీ కొలిచి దాన్ని తీసేసి అసలు గెయిన్ లెక్కగడతారు. మొదటి స్థానానికి కాస్త తక్కువ గెయిన్ ఉన్నది, రెండో స్థానానికి ఎక్కువ ఉన్నది జత కడతారు. సరిపడనివి పక్కన పడేస్తారు. స్థిరమైన రెసిస్టర్ బదులు బుల్లి స్క్రూతో తిరిగే ట్రిమ్మర్ పెట్టి, పెట్టె పెట్టెకూ 4.5 వోల్టులు చూసి బిగిస్తారు. సిలికాన్‌కు మారితే ఈ బాధ చాలా తగ్గుతుంది. ఆర్బిటర్ తర్వాతి రోజుల్లో అలాగే మారింది కూడా. కాని సిలికాన్ గెయిన్ ఎక్కువ, మోత పదును ఎక్కువ. అది వేరే పెడల్.

ఇదే కష్టానికి ఇంకో దారి ఉంది. 1927లో బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ కనిపెట్టారు. బయటికి వచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని తిరగేసి లోపలికి పంపితే, యాంప్లిఫయర్ మొత్తం గెయిన్ లోపలి ట్రాన్సిస్టర్ల మీద కాకుండా బయట పెట్టిన రెసిస్టర్ల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. రెసిస్టర్లను ఒక శాతం కచ్చితత్వంతో చవగ్గా చేయవచ్చు. ట్రాన్సిస్టర్లను అలా చేయలేం. వక్రీకరణను తగ్గించడానికి కనిపెట్టిన ఈ ఉపాయాన్నే పెడల్ తయారీదారులు వక్రీకరణను కొలత ప్రకారం పుట్టించడానికి వాడుకున్నారు. నాకు ఈ మొత్తం కథలో అన్నింటికన్నా ఇష్టమైన మలుపు ఇది.

దీనికి మంచి ఉదాహరణ ట్యూబ్ స్క్రీమర్. 1970ల చివర్లో జపాన్‌లో నిష్షిన్ ఓన్పా కంపెనీ ఇంజనీరు సుసుము తమురా దీన్ని రూపొందించారు. ఐబనేజ్ పేరుతో అమ్ముడైంది, టెక్సాస్ బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ వల్ల ప్రపంచానికి తెలిసింది. ఇందులో సంకేతాన్ని పెంచే ఆప్-ఆంప్ చిప్ ఒకటి. దాని ఫీడ్‌బ్యాక్ దారిలో 51 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దానికి వరుసగా 500 కిలో ఓమ్‌ల డ్రైవ్ కంట్రోల్. భూమి వైపు 4.7 కిలో ఓమ్‌లు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. డ్రైవ్ పూర్తిగా తగ్గిస్తే గెయిన్ సుమారు 12, పూర్తిగా పెంచితే 118. ఆ రెసిస్టర్, కెపాసిటర్ జంట 720 హెర్ట్జ్ కింద గెయిన్‌ను క్రమంగా తగ్గిస్తూ పోతుంది. అందుకే బొంగురు కింది స్వరాలు తక్కువగా తెగి, గిటార్ మధ్య స్థాయి బ్యాండ్‌లో తేటగా పైకి వినబడుతుంది. ఫీడ్‌బ్యాక్ దారికి అడ్డంగా రెండు సిలికాన్ డయోడ్లు ఎదురెదురుగా ఉంటాయి. పెరిగిన సంకేతం 0.6 వోల్టుల దగ్గరికి రాగానే అవి తెరుచుకుని గెయిన్‌ను ఒకటికి దించేస్తాయి. శిఖరం తెగదు, వంగుతుంది. మిచిగాన్‌లోని కలమజూలో స్కాట్ బర్నమ్ రూపొందించిన ర్యాట్ పెడల్‌లో ఇవే డయోడ్లు ఆప్-ఆంప్ తర్వాత నేరుగా భూమికి దిగుతాయి. అక్కడ శిఖరం నిజంగానే తెగుతుంది. డయోడ్లు అవే, పెట్టిన చోటు మారితే స్వభావం మారింది.

ఇప్పుడు తయారీ లెక్క. కంట్రోళ్లుగా వాడే పొటెన్షియోమీటర్లు సాధారణంగా 20 శాతం అటూ ఇటూ వస్తాయి. అంటే 500 అని రాసి ఉన్నది 400 కావచ్చు, 600 కావచ్చు. డ్రైవ్ పూర్తిగా పెంచినప్పుడు మొదటిదానితో గెయిన్ 97, రెండోదానితో దాదాపు 140. కాగితం మీద భయపెట్టే తేడా. చెవికి మాత్రం అంతగా తెలియదు, ఎందుకంటే ఆ స్థాయిలో డయోడ్లు ఎలాగూ అలను 0.6 వోల్టుల దగ్గర పట్టేస్తాయి. కెపాసిటర్ 10 శాతం తేడా వస్తే 720 హెర్ట్జ్ కాస్తా 655కో 800కో జరుగుతుంది. ఇది రెండు పెడల్స్‌ను పక్కపక్కన పెట్టి వింటే తెలుస్తుంది. కాబట్టి కెపాసిటర్‌కు 5 శాతం రకం కొంటారు, పొటెన్షియోమీటర్‌కు మామూలు రకంతో సరిపెడతారు. ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తప్పును సర్క్యూట్‌కే సర్దుకోమని వదిలేయాలి అన్న ఈ ఎంపికే డిజైనర్ పనితనం. అన్నీ ఖరీదైనవి వాడాం అనే ప్రకటనలు నన్నెప్పుడూ మెప్పించలేదు.

క్షమించని సర్క్యూట్లూ ఉన్నాయి. జే201 అనే ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్ మూసుకునే వోల్టేజి కంపెనీ పత్రం ప్రకారమే 0.3 నుంచి 1.5 వోల్టుల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. అయిదు రెట్ల తేడా. దాన్ని వాడే ప్రతి దశకూ ట్రిమ్మర్ కావాలి. ఎంఎక్స్‌ఆర్ ఫేజ్ 90లో నాలుగు దశలు కలిసి అలను మెలితిప్పుతాయి. ఆ నాలుగింటి ట్రాన్సిస్టర్లు ఒకదానితో ఒకటి సరితూగకపోతే సుడి తిరుగుతున్నట్టు వినబడాల్సిన మోత చప్పగా మిగులుతుంది. అందుకే ఒక సంచి కొని, కొలిచి, నాలుగు నాలుగు చొప్పున జత కట్టే పనికి మనిషి కూర్చోవాలి. ఆ మనిషి గంటల లెక్క ధరలో కలవాలి.

పెట్టె సంగతి పైకి తేలికగా కనిపిస్తుంది. అచ్చుపోసిన అల్యూమినియం డబ్బా తయారుగా దొరుకుతుంది, అది బయటి కరెంటు హమ్మింగ్‌ను లోపలికి రానివ్వదు. కాని దానికి పౌడర్ కోటింగ్ వేయిస్తే రంధ్రాలు ఆ పూత మందం మేరకు ఇరుకవుతాయి, జాక్‌లు దిగవు. పూత విద్యుత్తును ఆపుతుంది కాబట్టి జాక్ తగిలే చోట గీకకపోతే డబ్బాకు భూమి అందదు, హమ్మింగ్ మొదలవుతుంది. కాలితో నొక్కే మూడు వరుసల స్విచ్చికి తొమ్మిది కాళ్లు. టంకం పెట్టేటప్పుడు వేడి కడ్డీ ఎక్కువసేపు ఆనిస్తే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి కాంటాక్ట్ పక్కకు జరుగుతుంది. ఆ రోజు పనిచేస్తుంది, ఆరు నెలలకు మొరాయిస్తుంది. అందుకే చాలామంది స్విచ్చిని చిన్న బోర్డు మీద బిగించడానికో, రిలేలు వాడడానికో మారారు. జపాన్ కంపెనీ బాస్ 1977లో తన చిన్న పెడల్స్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇంకోటి. అక్కడ కాలు నొక్కేది సాదా బటన్‌ను, సంకేతాన్ని అటూ ఇటూ మార్చేది ట్రాన్సిస్టర్లు. పాత బాస్ పెడల్స్ అన్నేళ్లు నిలబడడానికి ఇది ఒక కారణం.

బోర్డు మీద అంటించే బుల్లి సర్ఫేస్ మౌంట్ భాగాల మీద వాయించేవాళ్లలో ఒక చిన్నచూపు ఉంది, చేత్తో టంకం పెట్టిన పెద్ద భాగాలదే మంచి మోత అని. విలువ ఒకటే అయితే విద్యుత్తుకు రెసిస్టర్ సైజుతో పని లేదు. జాగ్రత్త పడాల్సింది ఒక్క చోట. కొన్ని రకాల సిరామిక్ కెపాసిటర్లలో వోల్టేజి మారితే విలువ మారుతుంది, పెట్టెను తడితే ఆ తాకిడి కూడా సంకేతంగా మారి స్పీకర్‌లో వినబడుతుంది. సంకేతం నడిచే దారిలో వాటిని వాడకుండా స్థిరమైన రకం వాడితే చాలు. యంత్రం వంద బోర్డుల మీద ఒకే రకంగా టంకం పెడుతుంది. చేతికి సాయంత్రానికి అలసట వస్తుంది.

లోపాన్ని ఒకేలా పుట్టించడం డబ్బు లెక్కలో ఎందుకంత ముఖ్యమో ఊహకు ఒక ఉదాహరణ చెబుతాను. పెడల్ చిల్లర ధర 180 డాలర్లు, భాగాలూ పెట్టె కలిపి 35, కూలి 25 అనుకుందాం. దుకాణం 40 శాతం తీసుకుంటే తయారీదారుకు చేరేది 108. ఖర్చు 60 పోగా మిగిలేది 48. అందులోనే అద్దె, పన్నులు, నమూనాలకు అయిన వృథా, ప్రదర్శనలకు వెళ్లే ఖర్చు. ఒక పెడల్ చెడిపోయి వెనక్కి వస్తే రానుపోను రవాణాకు 20, దాన్ని విప్పి చూసి బాగు చేసే గంటకు 25. ఆ పెడల్ మీద మిగిలినది దాదాపు అంతా అక్కడితో సరి. నేరుగా కొనేవాళ్లకే అమ్మితే దుకాణం వాటా మిగులుతుంది, కాని ప్యాకింగ్, ఉత్తరాలకు జవాబులు, కస్టమ్స్ కాగితాలు నెత్తికెక్కుతాయి. డిజైన్ చేయడానికి ఈ పనిలోకి వచ్చినవాళ్లు రోజులో ఎక్కువ భాగం అట్టపెట్టెలకు టేపు అంటిస్తూ గడుపుతారు. మన దేశంలోనూ, ఉదాహరణకు ముంబైలో ఏనిమల్ ఫ్యాక్టరీ యాంప్లిఫికేషన్ వంటి చిన్న సంస్థలు సొంత పెడల్స్ చేస్తున్నాయి. చాలా భాగాలు బయటి దేశాల నుంచే తెప్పించుకోవాల్సిన చోట ఈ లెక్క ఇంకా బిగుతుగా ఉంటుంది.

అందుకే పెట్టె మూసేముందు పరీక్ష ఉంటుంది, అది ఎంత చిన్న షెడ్డులోనైనా ఉండాలి. వెయ్యి హెర్ట్జ్ సంకేతం లోపలికి ఇచ్చి, కంట్రోళ్లు గుర్తు దగ్గర పెట్టి, బయటికి వచ్చే స్థాయి కొలవాలి. ఆసిలోస్కోప్ మీద అల తెగిన ఆకారం నమూనా పెడల్ ఆకారంతో పోల్చాలి. బ్యాటరీ నుంచి ఎంత విద్యుత్తు లాగుతోందో చూడాలి. సీరియల్ నంబరు పక్కన ఇవన్నీ రాసిపెట్టాలి. అప్పుడు గిటార్ తగిలించి వాయించాలి. కొలతలన్నీ సరిగ్గా ఉండి చెవికి నచ్చని పెడల్ అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు అందులో కొలవని సంగతి ఒకటి ఉందని అర్థం, ఆ తర్వాతి పెడల్ నుంచి దాన్నీ కొలవాలి.

ఒక్క మనిషి ఈ పనంతా మోస్తే ఏమవుతుందో క్లాన్ సెంటార్ చెబుతుంది. బాస్టన్ దగ్గర బిల్ ఫినెగన్ ఏళ్ల తరబడి శ్రమించి 1994 చివర్లో దీన్ని తెచ్చారు. 9 వోల్టుల బ్యాటరీ నుంచి చార్జ్ పంప్ చిప్‌తో ఎక్కువ వోల్టేజి తీసి, గిటార్ అసలు స్వరాన్నీ తెగిన స్వరాన్నీ కలిపి ఇచ్చే సర్క్యూట్ అది. శిఖరాలు తెంచే డయోడ్లు జర్మేనియంవి. ఆయన ఒక్కరే చేతులతో సుమారు 8,000 చేశారు. కోరేవాళ్లు ఎక్కువ, చేసే చేతులు రెండే. కొత్తప్పుడు 329 డాలర్లకు అమ్మిన పెడల్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో వేల డాలర్లు పలుకుతుంది, ఆ డబ్బులో చేసినాయనకు ఒక్క డాలరూ చేరదు. సర్క్యూట్ కనబడకుండా ఎపాక్సీ పోశారు. కొందరు ఓపిగ్గా దాన్ని తొలిచి బొమ్మ గీశారు, ఆ తర్వాత నకళ్లు వెల్లువెత్తాయి. ఎలక్ట్రో-హార్మోనిక్స్ కూడా తన సోల్ ఫుడ్ పెడల్‌తో చవక ధరకు ఆ స్వభావాన్ని అమ్మింది.

చట్టం ఇక్కడ పరిమితంగానే అడ్డుపడుతుంది. సర్క్యూట్ పనితీరును కాపాడేది పేటెంటే. అది ఖరీదు, గడువున్నది, పాత సర్క్యూట్లకు ఎప్పుడో తీరిపోయింది. పేరు, బొమ్మ, రూపం మాత్రం వ్యాపార చిహ్నాలు. 2005లో బాస్ యజమాని సంస్థ అయిన రోలండ్, బెరింజర్ కంపెనీ మీద వేసిన దావా పెడల్స్ రూపం గురించి. 2024లో ఫినెగన్ బెరింజర్ యాజమాన్య సంస్థ మీద వేసిందీ పేరు, రూపం గురించే. చిన్న తయారీదారు మొదటి రోజే పేరును రిజిస్టరు చేయించుకోవడం, సర్క్యూట్‌ను దాచడానికి ఎపాక్సీ పోయడం కన్నా తెలివైన ఖర్చు. ఎపాక్సీ పోసిన పెడల్‌ను రిపేరు చేయడం కూడా కష్టం, ఆ మాట కొన్నవాళ్ల పక్షాన చెప్పాలి.

నకలు కన్నా పెద్ద ప్రమాదం భాగాలు కనుమరుగవడం. కాళ్లున్న జే201 తయారీ ఆగిపోయింది, బోర్డు మీద అంటించే రకం మిగిలింది. పాత అనలాగ్ డిలే పెడల్స్‌కు ప్రాణమైన ఎంఎన్3005 చిప్‌ను మత్సుషిత ఆపేసింది. అందులో 4,096 దశలు ఉంటాయి, సంకేతం ముక్కలుగా ఒక దశ నుంచి ఇంకో దశకు జరుగుతూ పోతుంది. గడియారం సెకనుకు 10,000 సార్లు కొడితే ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి సుమారు 205 మిల్లీసెకన్లు పడుతుంది, అదే ప్రతిధ్వని. తర్వాత వేరే కంపెనీలు దాని మాదిరి చిప్‌లు తెచ్చాయి. ఈ మధ్యలో చిప్ దొరకని సంస్థలు తమ పెడల్‌నే ఆపేయాల్సి వచ్చింది.

ర్యాట్ పెడల్ ఈ పరీక్షను ఎలా దాటిందో చూస్తే మొత్తం పని అర్థమవుతుంది. అందులోని ఎల్ఎం308 ఆప్-ఆంప్ చాలా నెమ్మది. మైక్రోసెకనుకు సుమారు 0.3 వోల్టులు మాత్రమే కదలగలదు. గెయిన్ పూర్తిగా పెంచినప్పుడు వేగంగా ఎగబాకాల్సిన అలను అది అందుకోలేక వాలుగా గీస్తుంది, పై హార్మోనిక్స్ కరుకుదనం అక్కడే తగ్గుతుంది. చిప్ తయారీ ఆగిపోయినప్పుడు ఇంకా మెరుగైన, ఇంకా వేగమైన చిప్‌లు కారుచవగ్గా దొరుకుతున్నాయి. వాటిని పెడితే పెడల్ పనిచేసేది, ర్యాట్‌లా మోగేది కాదు. తర్వాతి ర్యాట్‌లలోకి ఓపీ07 వచ్చింది. అది వేరే కాలపు, వేరే లోపలి నిర్మాణం ఉన్న చిప్. దాని వేగమూ మైక్రోసెకనుకు 0.3 వోల్టులే.